మాట విన్న మనిషి: డోర్నకల్ బిషప్ అజరయ్య

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. గంటకు బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, చెరకు బండ్ల వెనక పరుగెత్తి గడలు గుంజుకొని ఆలస్యంగా వచ్చి తిన్న దెబ్బలు, పదో తరగతి లెక్కల భయం. అవన్నీ నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను ఒక పెద్దమనిషి జీవితం గురించి రాస్తున్నాను. ఆయన మన జహీరాబాద్ వాడు కాడు, మన బడితో ఆయనకు సంబంధం లేదు. కానీ మన బడిలో నేను తప్పుగా నేర్చుకున్న ఒక మాటకు సరైన అర్థం ఆయన జీవితంలో దొరికింది.

ఆ మాట విధేయత.

సెలవు చీటీ రాసిన ప్రతిసారీ చివర తమ విధేయుడైన విద్యార్థి అని రాసేవాళ్లం, గుర్తుందా? మన తెలుగులో దానికి ఇంకా సులువైన మాట ఉంది, మాట వినడం. ఇంట్లోనూ బడిలోనూ నాకు మాట వినే పిల్లవాడని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడం కోసం చేసిన ఒక పని గురించి చివర్లో చెబుతాను. ముందు ఆయన కథ.

ఉద్యోగం వచ్చిన కొత్తలో పాల్వంచ థర్మల్ స్టేషన్‌కు పని మీద తరచూ వెళ్లేవాణ్ని. దారిలో డోర్నకల్ జంక్షన్. కొత్తగూడెం లైను అక్కడే చీలుతుంది. ఒకసారి కనెక్షన్ బండి ఆలస్యమైతే, ఊళ్లో పెద్ద చర్చి ఉందని విని చూడటానికి వెళ్లాను. మన పాత మెదక్ జిల్లావాళ్లకు పెద్ద చర్చి అంటే కళ్లముందు మెదిలేది మెదక్ గుడే. ఎత్తైన గంటగోపురం, కోణాల కమానులు, రంగు గాజు కిటికీలు. డోర్నకల్ చర్చి అలా లేదు. గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు గుర్తొస్తుంది. రాతి స్తంభాలు చూస్తే మన గుళ్ల మండపం గుర్తొస్తుంది. కట్టడాలు చూసే అలవాటు ఉన్నవాణ్ని కాబట్టి, దీన్ని ఇలా కట్టాలని ఎవరికి తోచిందా అనుకున్నాను. ఆ ఆవరణలోనే ఆయన సమాధి ఉంది. బండి సంగతి మరిచిపోయి చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఆయన గురించి దొరికినదల్లా చదివాను.

ఆయన పూర్తి పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తమిళ దేశంలో, తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాళన్‌విళై అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం ఆ ఊరి ఆంగ్లికన్ పాదిరి. తల్లి పేరు ఎలెన్. వాళ్లది నాడార్ కులం. ఆ కాలంలో ఆ కులంవాళ్లను చాలా గుళ్లలోకి రానిచ్చేవాళ్లు కాదు. అంటే గడప బయట నిలబడటం ఎట్లా ఉంటుందో ఆ ఇంటికి తరతరాలుగా తెలుసు.

శామ్యూల్ అంటే మన తెలుగు బైబిలులో సమూయేలు. రాత్రివేళ దేవుడు పేరుపెట్టి పిలిస్తే లేచి కూర్చుని, వింటున్నానని జవాబిచ్చిన పిల్లవాడు. పెద్దయ్యాక అదే సమూయేలు రాజైన సౌలుతో, బలులు అర్పించడం కంటే మాట వినడం మేలని ముఖం మీదే చెప్పాడు. ఆ పేరు పెట్టుకున్న అజరయ్య బతుకంతా ఆ రెండు సంగతుల చుట్టూనే తిరిగింది. పిలుపు వినడం ఒకటి, మొక్కుబడుల కంటే వినడమే పెద్దదని నమ్మడం ఇంకొకటి.

తండ్రి చిన్నప్పుడే పోయాడు. పై చదువుకు మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చేరారు. చివరి పరీక్షల సమయంలో జబ్బుపడి, డిగ్రీ పట్టా లేకుండానే బయటికొచ్చారు. తర్వాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పరీక్ష తప్పిన పిల్లలకు ధైర్యం చెప్పే మన ఉపాధ్యాయులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు.

1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దాదాపు పద్నాలుగేళ్లు దక్షిణ భారతమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లి చేసుకున్నారు, కట్నం తీసుకోకుండా. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో వేరే చోట్లకు సేవకు వెళ్లడం చూశారు. ఇంటికొచ్చాక ఆ ఆలోచన ఆయన్ను వదల్లేదు. మన దేశపు క్రైస్తవులు ఎప్పుడూ తెల్లవాళ్ల దగ్గర పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం ఎప్పుడు నేర్చుకుంటారని. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. 1905 డిసెంబరు 25న బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. రెండింటి వెనకా ఆయన ఉన్నారు. రెండింటి నియమం ఒక్కటే, భారతీయ మనుషులు, భారతీయ డబ్బు, భారతీయ నాయకత్వం.

తిరునెల్వేలి సంఘం తన పనికి ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని మానుకోట ప్రాంతం. డోర్నకల్ అందులోనిదే. అప్పట్లో మన జహీరాబాద్ కూడా ఆ నిజాం రాజ్యంలోనిదే కదా. తమిళులకు డోర్నకల్ అంటే పరదేశమే. భాష వేరు, తిండి వేరు, రాజు వేరు. అజరయ్య సభల్లో నిలబడి, ఎవరైనా వెళ్లండి, తెలుగు పల్లెలు ఎదురుచూస్తున్నాయని యువకులను అడిగేవారు. అడిగి అడిగి ఒకరోజు ఆ ప్రశ్న తనవైపే తిరిగింది. వెళ్లండని చెప్పేవాడు తాను ఎందుకు వెళ్లడు?

నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు మలుపు ఇదే. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు. పేరున్న ఉద్యోగం, భార్య, పిల్లలు. దాన్నంతా వదిలి 1909లో గురుపట్టం పుచ్చుకుని డోర్నకల్ చేరారు. ఆ వయసులో అ ఆ ఇ ఈలతో తెలుగు మొదలుపెట్టారు. మనలో ఉద్యోగం కోసం హిందీ, కన్నడం, జర్మన్ నేర్చుకున్నవాళ్లున్నారు. ముప్పై అయిదేళ్లకు కొత్త భాష నోటికి పట్టడం ఎంత కష్టమో వాళ్లకు తెలుసు. ఆయన నేర్చుకున్నది జీతం పెరగడానికి కాదు, ఊరి చివర గుడిసెలో ఉన్న మనిషితో మాట్లాడటానికి. చివరికి తెలుగులోనే బోధించారు, తెలుగు దేశంలోనే కన్నుమూశారు.

మరుసటి సంవత్సరం, 1910 జూన్‌లో, స్కాట్లండ్‌లోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులు. అందులో ఆసియావాళ్లు ఇరవై మంది కూడా లేరు. ఆ కొద్దిమందిలో అజరయ్య ఒకరు. విదేశీ మిషనరీలకూ దేశీయ సేవకులకూ మధ్య సహకారం గురించి మాట్లాడమన్నారు. ధన్యవాదాలు చెప్పి, నాలుగు మంచిమాటలు పలికి కూర్చుంటే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. పిలిచినవాళ్లను సంతోషపెట్టడమే విధేయత అనుకునేవాడైతే అదే చేసేవాడు.

ఆయన అలా చేయలేదు. మిషనరీలు మా కోసం ఎన్నో త్యాగాలు చేశారని ఒప్పుకున్నారు. ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారన్నారు. కానీ ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్న భారతీయుణ్ని ఇంటికి పిలిచి ఒక పూట భోజనం పెట్టని దొరలున్నారని, యజమానికీ కూలివాడికీ మధ్య ఉండే సంబంధమే ఇద్దరి మధ్యా ఉందని తేటగా చెప్పారు. చివరికి ఆయన అడిగింది డబ్బు కాదు, అధికారం కాదు, స్నేహితులను ఇవ్వమని. సభలో కొందరు నొచ్చుకున్నారు, కోపగించుకున్నారు. మరికొందరు తలవంచుకుని ఆలోచించారు. నూరేళ్లు దాటినా ఆ సభను తలచుకున్నప్పుడు ముందుగా గుర్తుచేసుకునే ప్రసంగాల్లో అదొకటి.

ఆయన ఏ ఆధారంతో అంత మాట అన్నారు? యోహాను సువార్త 15వ అధ్యాయం చదివితే అర్థమవుతుంది. చివరి భోజనం రాత్రి యేసు శిష్యులతో, ఇకమీదట మిమ్మల్ని దాసులని పిలవను, స్నేహితులని పిలుస్తానని చెబుతాడు. నా ఆజ్ఞ పాటిస్తే మీరు నా స్నేహితులని కూడా అంటాడు. స్నేహానికి ఆజ్ఞ ఏమిటి అని మనకు అనుమానం వస్తుంది. ఆ ఆజ్ఞ ఏమిటో చూస్తే అనుమానం తీరుతుంది. నేను మిమ్మల్ని ప్రేమించినట్టు మీరు ఒకరినొకరు ప్రేమించండి అన్నదే ఆ ఆజ్ఞ. అంటే దేవుడి మాట వినడమనేది పైకి చూసి దండం పెట్టడంతో పూర్తి కాదు. పక్కకు తిరిగి తోటివాడి కంచం దగ్గర కూర్చుంటేనే పూర్తవుతుంది. దొరలు వేల మైళ్లు సముద్రం దాటి వచ్చారు. మిగిలిపోయింది వరండా దాటడమే.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అజరయ్యను చాలా కాలంగా గమనిస్తున్నవాడు. గణితం చదివినవాళ్లకు తెలిసిన ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు ఈయన అన్న. ఒక భారతీయుణ్ని బిషప్ చేయాలని ఈయన పట్టుబట్టాడు. తెల్లవాళ్లలో చాలామందికి ఇష్టం లేదు. మనవాళ్లలోనూ కొందరు అడ్డు చెప్పారు. చివరికి 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అజరయ్యకు బిషప్‌గా అభిషేకం జరిగింది. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945లో చనిపోయేవరకు సొంత అధ్యక్ష మండలం ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయన ఒక్కరే. మొదట డోర్నకల్ చుట్టుపక్కల కొద్ది ప్రాంతమే ఇచ్చారు. 1920 తర్వాత కృష్ణా, గోదావరి వైపు ప్రాంతాలు కూడా కలిశాయి. ఇంగ్లిషు మిషనరీలు ఒక భారతీయుడి కింద పనిచేయడం మొదలుపెట్టారు.

ఇక్కడినుంచి కథ తిరగబడుతుంది. ఎడింబరోలో తెల్లవాళ్లను ఏం అడిగాడో, డోర్నకల్‌లో జీవితం ఆయన్ను అదే అడిగింది. ఇప్పుడు బిషప్ ఆయన. ఎదురుగా ఉన్నవాళ్లు మాలలు, మాదిగలు. ఊరి బావిలో నీళ్లు తోడుకోలేనివాళ్లు, వెట్టి చేసేవాళ్లు, అప్పుకు పిల్లలను జీతానికి పెట్టేవాళ్లు. వాళ్లకు ఆయన దొర అవుతాడా, స్నేహితుడు అవుతాడా?

ఎద్దులబండి మీద, కాలినడకన పల్లెలు తిరిగారు. అన్బు అమ్మగారు కూడా వెంట వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుని పనిచేసేవారు. పల్లెల్లో ఆయన పోరాడిన దయ్యాలు నాలుగు: మురికి, రోగం, అప్పు, తాగుడు. బడి పెట్టడం, చిన్న దవాఖానా పెట్టడం, సహకార సంఘం పెట్టడం, చేతిపని నేర్పడం, ఇవన్నీ ఆయన లెక్కలో ప్రార్థనకు వేరు కాదు. ఊరి పంతులుగా వెళ్లిన భార్యాభర్తలే ఆ ఊరి సంఘానికి దిక్కు. ఆరాధన ఇంగ్లిషువాళ్ల రాగాల్లోనే జరగాలని ఆయన పట్టుబట్టలేదు. తెలుగు కీర్తనలు, భజనలు, ఊరేగింపులు, పంట ఇంటికొచ్చాక కృతజ్ఞత పండుగలు ప్రోత్సహించారు.

బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఆయన ఒక పద్ధతి పెట్టారు. తీసుకున్నవాళ్లు తల మీద చేయి పెట్టుకుని, తమకు తెలిసిన మంచిమాట తోటివాడికి చెప్పకపోతే తమకు శ్రమ అని ఒప్పుకోవాలి. చదువు రానివాడికి, పేరుపెట్టి పిలిపించుకునే గౌరవం కూడా దక్కనివాడికి అది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. నిన్నటిదాకా ఆజ్ఞలు వినడమే తెలిసినవాడు. ఇవాళ నీ నోటికి విలువ ఉంది, నీ మాట కోసం ఎవరో ఎదురుచూస్తున్నారని చెబుతున్నారు. పుచ్చుకునేవాణ్ని ఇచ్చేవాణ్ని చేశారు.

కానుకల విషయమూ అంతే. డబ్బు లేనివాళ్లు ఏం ఇవ్వగలరని ఆయన అనలేదు. ఇంటి ఇల్లాలు వంటకు బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారం తిరిగేసరికి అది సంఘానికి వెళ్తుంది. పిడికెడు బియ్యం అని ఇవాళ్టికీ తెలుగు సంఘాల్లో చెప్పుకునేది ఇదే. అన్నం చాలని ఇంటినుంచి వచ్చిన బియ్యం అది. దయకు పాత్రులుగా మాత్రమే చూసినవాళ్లను ఆయన భాగస్తులుగా చూశారు.

ఆ డోర్నకల్ చర్చి కట్టుబడి కూడా ఇలాగే సాగింది. డబ్బు చాలక ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఏళ్ల తరబడి నడిచి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. మెదక్ గుడి ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. దాన్ని కట్టించిన రెవరెండ్ ఛార్లెస్ వాకర్ పోస్నెట్ గారు కరువు రోజుల్లో జనానికి పనీ అన్నమూ దొరికేలా ఆ కట్టడం నడిపించారని మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం. అదీ ప్రేమే, సందేహం లేదు. అయితే మెదక్ గుడి ఇంగ్లండ్ నమూనాలో లేచింది. డోర్నకల్ గుడిలో ఈ నేల మీది మసీదూ గుడీ రెండూ కనిపిస్తాయి. ఒక కట్టడం చుట్టుపక్కలవాళ్లతో ఎలా మాట్లాడుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పోలిక నాకు తెలియదు.

ఆయన పనికి పెద్ద అడ్డంకి బయటినుంచి రాలేదు, లోపలే ఉంది. మాల, మాదిగల మధ్య ఉన్న అంతరం బాప్తిస్మం నీళ్లతో కొట్టుకుపోలేదు. ఒకే దేవుణ్ని మొక్కినా పల్లె వేరు, బావి వేరు, పొయ్యి వేరు. తర్వాత తర్వాత పై కులాల రైతులు కూడా చాలామంది సంఘంలోకి వచ్చారు. తమ కింద పనిచేసే కూలివాళ్ల నడతలో వచ్చిన మార్పు చూసి వచ్చామని చెప్పుకున్నారు. అప్పుడు ఆ అంతరం ఇంకా బయటపడింది. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నె, ఒకే రొట్టె. అక్కడ వరసలు లేవని అజరయ్య గట్టిగా నిలబడ్డారు. చాలాచోట్ల గెలిచారు, కొన్నిచోట్ల ఓడిపోయారు. ఆయన చనిపోయే నాటికి అధ్యక్ష మండలంలో సభ్యులు రెండు లక్షలు దాటారు. కానీ ఆ రెండు లక్షల మందీ ఒకరింట ఒకరు తిన్నారని మాత్రం ఎవరూ చెప్పలేరు.

దేశ రాజకీయాల్లోనూ ఆయనది సులువైన దారి కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. తోటి భారతీయులనుంచి గోడ కట్టుకుని బతకడం సహవాసం కాదన్నది ఆయన నమ్మకం. అయినా మతమార్పిడుల విషయంలో గాంధీజీకీ ఆయనకూ పొసగలేదు. పేదవాడికి తన దేవుణ్ని తాను ఎంచుకునే బుద్ధి ఉందని ఆయన వాదించారు. ఇద్దరూ దేశాన్ని ప్రేమించినవాళ్లే, ఇద్దరూ అంటరానితనాన్ని ద్వేషించినవాళ్లే. ఈ విషయంలో ఎవరి మాట వాళ్లదే అయింది.

1930లలో అంబేడ్కర్ హిందూమతం వదిలేస్తానని ప్రకటించాక అజరయ్యతో మాట్లాడినప్పుడు వేసిన ఒక ప్రశ్న ఆయన్ను బాగా కుదిపింది. మా జనమంతా క్రైస్తవులైతే మీ సంఘంలో ఒక్కటిగా ఉండగలరా, ఊరూరికీ వేర్వేరు సంఘాలుగా చీలిపోతారా అన్నదే ఆ ప్రశ్న సారం. జవాబు చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. అప్పటికే చాలా ఏళ్లుగా సంఘాల ఐక్యత కోసం పనిచేస్తున్నారు. 1919లో తరంగంబాడిలో కొద్దిమంది పాదిరులను కూర్చోబెట్టి ఆ చర్చ మొదలుపెట్టిన వాళ్లలో ఆయన ముఖ్యులు. ఇంగ్లండ్‌లో ఎవరో ఎవరితోనో మూడు వందల ఏళ్ల కింద పోట్లాడుకుంటే, ఆ పోట్లాట బరువు తెలుగు పల్లెల్లో మనమెందుకు మోయాలన్నది ఆయన బాధ.

ఆ ఐక్యత చూడకుండానే 1945 జనవరి 1న డోర్నకల్‌లో ఆయన కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. పోస్నెట్ గారి మెథడిస్టు మెదక్, అజరయ్య గారి ఆంగ్లికన్ డోర్నకల్ ఆ రోజునుంచి ఒకే సంఘంలోని రెండు అధ్యక్ష మండలాలయ్యాయి. మనం క్రిస్మస్‌కు చూడటానికి వెళ్లే మెదక్ గుడి మీద ఆయన చేయి కూడా ఆ విధంగా ఉంది. మన బీదర్, వికారాబాద్ వైపు పనిచేసిన అమెరికన్ మెథడిస్టులు మాత్రం అందులో చేరలేదు. అంటే ఆయన మొదలుపెట్టిన పని ఇంకా మిగిలే ఉంది.

ఇప్పుడు మొదట్లో దాచిపెట్టిన సంగతి.

ఏడో తరగతిలో నా బెంచీ మీద నా పక్కన కూర్చున్న మిత్రుడు, నేను, ఆదివారం ఒకే ప్రార్థనకు వెళ్లేవాళ్లం. ఒకే పాటలు పాడేవాళ్లం. కానీ వాళ్ల వాడ వేరు, మా వాడ వేరు. బైబిలు మీద చేయి వేసి ఇద్దరం ఒకటే అనేవాళ్లమే, ఇంటి గడపల దగ్గర మాత్రం వేరు. వాళ్లింట్లో ఏమీ తినొద్దని మా నానమ్మ ఆజ్ఞ. ఒక క్రిస్మస్‌కు వాళ్లమ్మ పళ్లెం నిండా గారెలు, అరిసెలు పెట్టి, మీద బట్ట కప్పి, అతని చేత పంపింది. మా నానమ్మ నవ్వుతూనే అందుకుంది. లోపలికి తెచ్చి, పెరట్లో బర్రె ముందు కుమ్మరించింది. పళ్లెం తీసుకెళ్లడానికి ఆగిన అతను పక్క సందులోంచి అది చూశాడు. నేను అతన్ని చూశాను. నోరు మెదపలేదు. మాట వినే పిల్లవాణ్ని కదా.

బడి తెరిచాక అతను నా పక్కనే కూర్చున్నాడు, ఎప్పటిలాగే మాట్లాడాడు. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నలభై ఏళ్లు దాటింది. నానమ్మ మంచి మనిషి. మా ఇంటి ముందునుంచి ఏ బిచ్చగాడూ ఖాళీ చేతులతో వెళ్లలేదు. ఇవ్వడం ఆమెకు బాగా వచ్చు. కొందరి దగ్గర పుచ్చుకోవడమే ఆమెకు రాలేదు. నాకూ నేర్పలేదు. ఎడింబరోలో అజరయ్య ఎవరి గురించి మాట్లాడారో చదివినప్పుడు నాకు కనిపించింది తెల్లదొరలు కాదు. మా పెరడే కనిపించింది.

నేను ఇంజనీరును. ఒక నిర్మాణంలో పగులు కనిపిస్తే పైన సున్నం పూసి వదిలేయకూడదని మొదటి ఏడాదే నేర్చుకున్నాం. పునాదిదాకా వెళ్లి చూడాలి. విధేయత అంటే పెద్దల ఆజ్ఞ జవదాటకపోవడమేనని నా పునాదిలో ఉండిపోయింది. అజరయ్య జీవితం చదివాక తెలిసింది, ఏ ఆజ్ఞ మనిషిని మనిషి పక్కన కూర్చోనివ్వదో ఆ ఆజ్ఞను దాటడమే ఒక్కోసారి దేవుడి మాట వినడం అవుతుందని. ఆయన కూడా దాన్ని పూర్తిగా సాధించలేదు. కానీ కలిసి తినాలని ఇంకొకరిని అడిగే ముందు తానే లేచి వెళ్లాడు.

ఆ మిత్రుడు మన సంఘం సభ్యుడే, మన వాట్సాప్ గ్రూపులో ఉన్నాడు. స్వర్ణోత్సవానికి భార్యాపిల్లలతో వస్తానని పెట్టాడు. ఈ వ్యాసం అచ్చయ్యే లోపు ఫోన్ చేయాలని చాలాసార్లు అనుకున్నాను, చేయలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను అతని పక్కన కూర్చుంటాను, అతను ఒప్పుకుంటే. ఆ తర్వాత వాళ్లింటికి ఒకసారి పిలవమని అడుగుతాను. పిలిస్తే వెళ్లి, పెట్టింది తిని వస్తాను. పిలవకపోతే తప్పు అతనిది కాదు.

మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. మనకు పాఠం చెప్పిన సార్లకు, టీచరమ్మలకు నా నమస్కారాలు. మీరు నేర్పిన లెక్కలు, సైన్సు నాకు అన్నం పెట్టాయి. విధేయత అన్న మాట కూడా మీ దగ్గరే నేర్చుకున్నాను. దాని అర్థం తెలుసుకోవడానికి మాత్రం డోర్నకల్‌లో బండి తప్పిపోవాల్సి వచ్చింది.